బిగబట్టిన దాహం

కొత్త మేడ దగ్గర ఇటుకలు మోసే ఏడో నెల గర్భిణి, జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ ఆసుపత్రికి వచ్చింది. నర్సు మండిపడింది.

"నీళ్ళు బాగా తాగమని చెప్పానా లేదా? మూత్రంలో చీము పట్టింది. నెలలు నిండకుండానే కాన్పయితే బిడ్డ దక్కుతుందా?"

"తాగితే వెళ్ళాలి కదక్కా. పనిచోట మరుగుదొడ్డి లేదు. చీకటి పడేదాకా బిగబట్టుకుంటాం."

"మీ ఊళ్ళోనూ ఇంతేనా?"

"ఊళ్ళో చేల చాటుకి పోయేవాళ్ళం. ఇక్కడ ఎటు చూసినా కిటికీలే."

"మరి మేస్త్రీని అడగలేకపోయావా?"

"అడిగా. కడుపుతో ఉన్నా పనిచ్చాను, అది చాలదా అన్నాడు."

"వాడి నోట మన్ను పడ! అంత మేడ కడుతూ మీకో దొడ్డి కట్టలేడా? అసలు ఇప్పుడు నువ్వు మోసే ఇటుకలు దేనికే?"

"బాత్రూములకక్కా. పడగ్గదికొకటి."