నట్టులో బిగించిన భూకంపం

నమ్మినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి, అది ముందే చెప్పేస్తాను. వెల్డింగు సూరయ్య కోతలు వినడం తప్ప నాకు వేరే ఉద్యోగం లేదని మా ఆవిడ అంటుంది; దానికి జీతం రాదన్నదొక్కటే ఆవిడ బాధ. నౌపడలో దానమ్మ టీకొట్టు బల్ల మీద ఆ పొద్దు కూడా నేనే ముందు కూర్చున్నాను. ఉప్పు మళ్ళ అవతల కాశీవిశ్వనాథం గారి ఇనప గోడౌను మళ్ళీ తెరుస్తున్నారని, దానమ్మ కూతురు తులసి రేపటినుంచి అక్కడ ఉప్పు మూటలు కట్టడానికి వెళ్తుందని మాట వచ్చింది. ఇంతకీ ఆ గోడౌను నిలుస్తుందా అని దానమ్మ అడిగింది.

"ఏటప్పా ఆ మాట?" అన్నాడు సూరయ్య, టీ గ్లాసుతో నా పక్కన కూర్చుంటూ. " నేపాల్లో భూమి కదిలిన్నాడు ఆ పాత స్తంభాలు కొబ్బరాకుల్లాగ ఊగినాయా లేదా? షావుకారు నన్నే పిలిసినాడు. స్తంభానికీ స్తంభానికీ నడుమ ఏటవాలుగా కమ్మీలేసి, ఇంటూ మార్కులాగ కట్టినాను. మొదళ్ళకి కాంక్రీటు పోసినాను. పెద్ద పనేటి కాదు. కానీ మిట్టమద్దినం, బయట ఉప్పు తెల్లగా మెరుస్తాది, నీడన్నది లేదు, లోపల నానొక్కణ్ణే. స్తంభం మీద సుత్తితో ఒక దెబ్బ కొడితే, లోన్నించి రెండు దెబ్బలు ఇనిపించినాయి."

"గబ్బిలమేమో మావా" అన్నాడు నూకయ్య, చేపల గంప కింద పెడుతూ.

"గబ్బిలం పేరెట్టి పిలుస్తాదేట్రా? 'సూరీ' అన్నాది. అలాగ పిలిసేది మా నాయనొక్కడే, ఆయన పోయి ఏళ్ళయినాది. నాను పలకలేదు. పలికితే నన్నూ ఇనుంలో కలిపేసుకుంటాది కదా. ఆ తర్వాతేటైందో తెలుసా? భూమి మళ్ళీ కదిలినాది. సముద్రం ఎనక్కి జరిగింది, మళ్ళలో నీళ్ళు గోడలాగ లేసి నిలబడ్డాయి, గోడౌను ఒక కాలెత్తింది నూకయ్యా, కాలెత్తి ఊరేపు అడుగేసింది. నాను కమ్మీ పట్టేసుకున్నాను. భూకంపం కమ్మీ ఎంట పాక్కుంటా వచ్చి నా అరసేతిలో పడ్డాది, సల్లగా, సేపపిల్లలాగ కొట్టుకుంటన్నాది. తిన్నగా నట్టులోకి తోసి, రెంచీతో బిగించేసినాను. ఇప్పటికీ అందులోనే ఉన్నాది. సెవి పెడితే మూలుగుతాది."

ఎవరూ టీ తాగడం లేదు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తల మీద ఉంటే అవీ లేచేవి.

"నమ్మకపోతే ఎల్లి సూడండి. నాను పోసిన కాంక్రీటుకి పేణం వచ్చినాది. మొదళ్ళ సుట్టూ తెల్లటి నూగు మొలస్తన్నాది, ముసిలోడి గెడ్డంలాగ. తుడిసేస్తే తెల్లారేసరికి మళ్ళీ మొలుస్తాది."

దానమ్మ పాలగిన్నె పొయ్యి మీంచి దించింది.

"ఆ కాంక్రీటు ఏ నీళ్ళతో కలిపినావు సూరయ్యా?"

"ఏ నీళ్ళేటప్పా? పక్కన మడి నిండా నీళ్ళుంటే, మంచినీళ్ళ టాంకరు కోసం ఎవులు కాస్తారు?" అన్నాడు, ఇంకా గొప్పగానే.

ఉప్పునీళ్ళు ఇనుముని ఏం చేస్తాయో నౌపడలో చంటిపిల్లకి కూడా తెలుసు.

"మొలిసింది పేణం కాదు, ఉప్పు" అంది దానమ్మ. "లోపల కమ్మీని తింటన్నాది. ఆ మొదళ్ళు పగలగొట్టి మంచినీళ్ళతో మళ్ళీ పోసేదాకా నా గుంట తులసి ఆ గడప తొక్కదు. లే. షావుకారికి ఈ మాట నీ నోటితోనే సెబుదువు గాని."

సూరయ్య చేతిలో టీ తొణికింది. భూమి మాత్రం కదల్లేదు, నేను చూశాను.