తొమ్మిది ముడుల దారం

ప్రయోగశాలలో గాజుసామాను కడిగే తొట్టి దగ్గర, ఆరు చిన్న గిన్నెలున్న ట్రేని రెండు చేతులా పట్టుకుని కడిగే అవ్వ నిలబడింది. ఎదురుగా పెద్దసారు, ఆయన పక్కన తల వంచుకుని పరిశోధన చేసే పిల్ల.

“ఇవ్వను సారూ. ఇవ్వనంటే ఇవ్వను.”

“అవ్వా, అది పనికిరాని ట్రే. తొట్టిలో వేసి కడిగెయ్.”

“ముప్పై ఏళ్ళుగా మీరు కడగమన్నవన్నీ కడిగా. ఇది మాత్రం కడగను.”

“పొద్దున్నే ఏంటీ గోల! అసలు నీ ఏప్రన్ ఏదీ?”

“దాని సంగతి తర్వాత. ముందు ఈ పిల్ల చేసిన తప్పేంటో చెప్పండి.”

“తప్పు కాదు, మోసం. ఈ గిన్నెల్లో మెదడు రక్తనాళాల గోడని పెంచాం. ఆరింటికీ వాపు తెప్పించే మందు పోస్తే గోడ వదులై, పైనున్న నీలం రంగు కిందికి కారాలి. మూడింట్లో కారింది, మూడింట్లో చుక్క కూడా దిగలేదు. ఎందుకు దిగలేదమ్మా? నువ్వే చెప్పు.”

“ఆ మూడింటికీ ముందుగా, ఒంటిని కాచే కణాలు వదిలే రసం, అంటే శాంతపరిచే కబురు అంది ఉంటుంది సార్. మిగతా మూడింటికీ ఉత్త ఉప్పునీళ్ళు.”

“అంది ఉంటుందా? దేంట్లో ఏది పోశావో నీకే తెలీదా?”

“అంటే... సార్... అది...”

“నసగకు. నీకు కావలసిన మూడింట్లో వాపు మందు తగ్గించి పోశావు. ఇవాళే సామాను సర్దుకో.”

“ఆ పిల్ల నసిగేది నాకోసం సారూ.”

“అవ్వా, వద్దు!”

“నువ్వూరుకోవే.”

“శాంత కబురట! ఒంటిని కాచే కణాలు పోట్లాడతాయి గానీ బుజ్జగిస్తాయా?”

“పోట్లాడతాయి సారూ, ఎవరు కాదన్నారు? వాటిల్లోనే కొన్ని ‘ఇక చాలు, ఆగండి’ అని కబురు పెడతాయట. అదందితే గోడలో కణాలు ఒకదాని చెయ్యి ఒకటి వదలవట. అందలేదా, దొంగని కొట్టబోయి మన తలుపు మనమే విరగ్గొట్టుకున్నట్టు...”

“ఎవరు చెప్పారు నీకివన్నీ?”

“ఈ పిల్లే. నేను తోముతుంటే పక్కన నిలబడి చెప్తుంది. మీరు వినరు కదా మరి!”

“అవ్వా, బాబ్బాబూ, ఆగవే!”

“ఆగను. మా చెల్లికి జ్వరమొచ్చి మూడోనాటికి నన్నే పట్టుకుని ‘ఎవరమ్మా నువ్వు’ అంది సారూ. నా చేతుల్లో పెరిగిన పిల్ల! క్రిమి కాలి పుండులోనే ఉందట, తలకెక్కలేదట. ఒంట్లో పోట్లాటే ఆ గోడని పగలగొట్టి ఉంటుందని నలభై ఏళ్ళకి ఈ పిల్ల చెబితే తెలిసింది. ఈ ట్రే కడిగేస్తే ఇంకో చెల్లికి ఎవరు చెప్తారు?”

“జాలిగానే ఉంది అవ్వా. కానీ జాలి రుజువు కాదు.”

“రుజువా? ఇదిగో.”

“దారమా?”

“చెప్పనని నాకు ఒట్టేశావు కదే అవ్వా!”

“ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టా. వినండి సారూ. నిన్న ఈ పిల్ల ఆ కబురు రసమున్న మూడు సీసాలకి ఎర్ర చీటీలు, ఉప్పునీళ్ళ మూడింటికి తెల్ల చీటీలు అంటించి, గోడవైపు తిరిగి నిలబడింది. నేను సీసాలు కలిపేసి, ఒక్కోటీ చీటీ పీకి చేతికిచ్చా, ఆ వరసలోనే గిన్నెల్లో పోసింది. ఏది ఏదో దానికి తెలీదు. నాకా, రాత రాదు. అందుకని దారం. ఎర్ర చీటీకి రెండు ముడులు, తెల్లదానికి ఒకటి.”

“నువ్వు... నమూనాలు ముట్టుకున్నావా?”

“తర్వాత అరుద్దురు గానీ, ముందు ముడులు చూడండి. ఒకటో గిన్నె?”

“ఒక ముడి.”

“గిన్నె చూడండి, గిన్నె.”

“నీలం కారింది.”

“రెండోది?”

“రెండు ముడులు. తేటగా ఉంది.”

“మూడు?”

“రెండు. తేటే.”

“నాలుగు, ఐదు?”

“ఒకటి, ఒకటి. రెండూ కారాయి.”

“ఆరు?”

“...రెండు. చుక్క లేదు.”

“సార్! సార్, ఆరుకి ఆరూ!”

“ఆగమ్మా. ఆరు గిన్నెలతో ఏదీ తేలిపోదు.”

“అయితే అరవై చేయించండి. నేనూ అదే అంటున్నా.”

“చేయించలేను! తలుపు మీద రాసే ఉంది, కడిగేవాళ్ళు నమూనాలు ముట్టుకోకూడదని. ముట్టుకుంటే ఆ పరీక్ష చెల్లదు, ముట్టుకున్నవాళ్ళకి పని ఉండదు. ఇద్దరికీ తెలుసుగా?”

“తప్పు నాది సార్, నేనే అడిగా. అవ్వని తీసెయ్యకండి.”

“నోర్ముయ్యవే. నన్ను తీసెయ్యడానికి ఆయనెవరు?”

“అవ్వా!”

“నిన్న నేను మీ కడిగే మనిషిని కాదు సారూ. మొన్న సాయంత్రమే పని మానేస్తున్నానని కాగితం రాయించి, వేలిముద్ర వేసి, ఏప్రన్ మడిచి మీ బల్ల మీద పెట్టా. ఆ తర్వాతే సీసా ముట్టుకున్నా, కాబట్టి ఈ పరీక్ష చెల్లుతుంది. అదిగో, మీ టీ కప్పు కిందే ఉంది కాగితం. అక్షరం రానిదాన్ని నేను రాయించి పెడితే, ఇంత చదువుకున్న మీరు చదవలేదా?”