శుక్రవారం విమానం

షరీఫ్ ఆ పొద్దు టీ కూడా చెప్పకుండా బల్ల మీద కూలబడ్డాడు. భార్య ఖమ్రున్నీసాను కువైట్‌కు ఇంటిపనికి పంపుతున్నాడు. ఉన్న నాలుగు మేకలూ అమ్మి మద్రాసు నుంచి విమానం టికెట్ కొన్నాడు. కొన్న వారానికే అదే కంపెనీలో రేటు మూడు వేలు తగ్గిందని తెలిసింది. ఆ తగ్గిన దుడ్లు వెనక్కి ఇవ్వండయ్యా అని అడిగితే, కొన్నాక తగ్గితే మాకేం సంబంధం అన్నారట టికెట్ అమ్మినవాళ్లు.

జమ్మలమడుగులో గంగులమ్మ టీ బంకు దగ్గర ఇట్లాంటి మాట ఎవరన్నా అన్నారంటే అది రామసుబ్బయ్య చెవిన పడక తప్పదు. పార్టీ తగాదాలు జోరుగా ఉన్న రోజుల్లో ఈయన పార్టీ నాయకుడు పెద్దాయన జీపులో ముందు సీటు ఈయనది. ఇప్పుడు పెద్దాయనా, ఎదుటి పార్టీ ఆయనా ఒకే స్టేజీ మీద పక్కపక్కన కూర్చుని దండలు వేయించుకుంటున్నారు. జీపూ లేదు, సీటూ లేదు. రామసుబ్బయ్యకు మిగిలింది మీసం, నోరు, ఈ బంకు దగ్గర ఊరక తాగే టీ. దుడ్లు ఎందుకివ్వవు మామా అంటే, ఈ బంకు పెట్టించింది మా పార్టీయే కదా అంటాడు. అది నిజమే. గంగులమ్మ మొగుడు వెంకటేశును ఎదుటి పార్టీ వాళ్లు నరికేశాక పెద్దాయన పెట్టించిన బంకే ఇది. ఆ మాట ఈయన ఎత్తినప్పుడల్లా ఆమె గ్లాసు నింపి ఇస్తుంది. నాది పక్కనే సైకిల్ షాపు, కాబట్టి ఇదంతా రోజూ చూడక తప్పదు.

"ఆ కాగితం ఇట్ల ఇయ్యి అల్లుడా," అని రామసుబ్బయ్య షరీఫ్ చేతిలోంచి టికెట్ లాక్కుని తొడ కింద పెట్టుకున్నాడు. ఖర్చులకు ఐదు నూర్లు ఇస్తే చాలు, మూడు వేలూ ఇంటికి తెచ్చిస్తానన్నాడు. విమానం కంపెనీ నోట్లోంచి దుడ్లు వెనక్కి కక్కించినవాడు ఈ జిల్లా మొత్తానికి తానొక్కడేనన్నాడు.

ఎప్పుడు కక్కించినావు మామా అని అడిగాను. అడగకూడదని తెలిసీ అడిగాను.

"ఇనండప్పా. ఇది నిన్నమొన్నటి మాట గాదు. మన వెంకటేశుకు కష్టమొచ్చిన యేడు. గంగులమ్మ ఈడనే ఉంది, అడగండి. వాన్ని చంపేదాకా నిద్రపోమని అవతలోళ్లు ఒట్టు పెట్టుకున్యారు. ముద్దనూరు రైలు స్టేషన్ కాడ వాళ్ల మనుషులే, ప్రొద్దుటూరు బస్టాండు కాడ వాళ్ల మనుషులే. పెద్దాయన నన్ను పిల్చి, రామసుబ్బా, వీనికి కువైట్ వీసా వచ్చింది, నా కార్లో మద్రాసుకు తోల్తాం, నువ్వు టికెట్ తియ్యి, వీని పానం నీ చేతిలో పెడ్తాండా అన్యాడు. నన్నే పిల్చినాడు సూడండి, ఇంగొకన్ని పిలవలా. నేను ప్రొద్దుటూరు పోయి శుక్రవారం విమానానికి టికెట్ తీసినా. తీసి ఇంటికొచ్చినానో లేదో ట్రావెల్సాయన ఫోన్ కొట్టి, అన్నా, ఆదివారం విమానానికి రేటు పడిపోయింది అన్యాడు. నాకు ఒళ్లు మండింది. అదే విమానం, అదే సీటు, ముందు కొన్నోడు ఎర్రోడా? అడగందే అమ్మయినా పెట్టదు కదప్పా, కంపెనీకే ఫోన్ చేసినా. ఒక ఆడపిల్ల ఎత్తింది. రొంతసేపు హిందీలో, రొంతసేపు ఇంగ్లీషులో, కొన్నాక తగ్గితే తేడా ఇయ్యము అంది. అమ్మా, నేను జమ్మలమడుగు నుంచి మాట్లాడ్తాండా అన్యా. అంతే, అవతల కుర్చీ పడిన సప్పుడు. లేచి నిలబడింది పాపం. సార్, ఊరికే ఇయ్యలేము గానీ శుక్రవారం టికెట్ రద్దు చేసుకోని ఆదివారానికి మార్చుకోండి, తేడా మీ చేతికొస్తాది అంది. మార్చు తల్లీ అన్యా. ఇదీ దోవ అల్లుడా. తేదీ మార్చాల. ఈ కిటుకు అందరికీ తెల్దు."

ఖమ్రున్నీసా అక్కడ పనిలో చేరడానికి తేదీ చెప్పారని షరీఫ్ నసిగాడు.

"గమ్మునుండు. రెండు దినాలకు కొంపలేం మునగవు."

స్టవ్ మీద పాలు పొంగి మంట మీద పడ్డాయి. గంగులమ్మ చూసుకోలేదు. నేనే లేచి మంట తగ్గించాను. రామసుబ్బయ్య అటు చూడలేదు. ఆయనకు అప్పుడప్పుడే ఊపు వస్తోంది.

"అంతటితో ఇడ్చిపెడ్తానా? ఫోన్లో ఇస్తామన్న దుడ్లను ఎవురు నమ్మల్ల? శుక్రవారం పొద్దున్నే మద్రాసులో దిగినా. కంపెనీ ఆఫీసు ఏడంతస్తులు. లిఫ్టెక్కండి సార్ అని ఒకడు. నాకెందుకురా అని మెట్ల మీదనే పోయినా. నేను ఒక్కో అంతస్తు ఎక్కుతాంటే పైనుండోళ్లు ఇంగో అంతస్తు ఎక్కుతాండారు. కడాకు అందరూ మిద్దె మీద దొరికినారు. మేనేజరు ఎండలో వణుకుతా నిలబడి, అన్నా, తేడా ఇదో, దానికి వడ్డీ ఇదో, నీ బస్సు చార్జీ ఇదో అన్యాడు. నాకొక్కనికిస్తే న్యాయమెట్లయితాది? ఆ నెలలో మీ కాడ టికెట్ కొన్న ప్రతి మనిషికీ తేడా ఇయ్యాల అని ఆడనే కూచున్యా. ఇచ్చినారు. రాజంపేటోళ్లు, రాయచోటోళ్లు, బిడ్డల్ని సంకనేసుకోని వచ్చి వరసగా నిలబడి తీసుకోని, నాకు దండం పెట్టి పోయినారు."

పండ్ల బండి అలీ అహ్మద్ అరటిపళ్లు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. ఆ నెలలో మా అన్న కూడా కొన్నాడే, వానికి పైసా రాలేదే అన్నాడు.

"అడ్రసు తప్పు రాసింటాడు లేప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పని అయిపాయ, ఊరికి రావాల. సరే, మనం వదిలిపెట్టిన విమానం ఎట్లుంటాదో ఒకసారి సూసి పోదామని లోపలికి పోయినా. తుపాకులు పట్టుకున్నోళ్లు అడ్డమొచ్చినారు, నా మీసం సూసి పక్కకు జరిగినారు. జనమంతా ఎక్కి కూచున్నారు గానీ విమానం కదల్లా. ఏందిరా ఈ యవ్వారం అంటే, పైలట్ దిగొచ్చి నా చేతులు పట్టుకున్యాడు. అన్నా, నువ్వు ఒక సీటు ఖాళీ చేస్తివి, బరువు ఒక పక్కకు ఒరుగుతాంది, లేపలేకుండా ఉండా అన్యాడు. దానికేముంది నాయనా అని నా భుజం మీది తుండుగుడ్డ తీసి ఆ సీట్లో ఏసినా. త్రాసు ముల్లు మాదిరి నిలబడింది విమానం. నేను సూస్తాండంగానే లేచింది. నా తల మీద ఒక సుట్టు తిరిగి, రెక్క ఆడించి, కువైట్ దోవ పట్టింది."

అందరం నవ్వాం. షరీఫ్ కూడా నవ్వాడు. తొడ కిందున్న టికెట్ సంగతి మరిచిపోయి, జేబులోంచి ఐదు నూర్ల నోటు తీసి చేతిలో పట్టుకున్నాడు. మనిషి ఆశ అట్లాంటిది. అబద్ధమని తెలుస్తూనే ఉంటుంది, మన మూడు వేల వరకూ నిజమైతే బాగుండు అనిపిస్తుంది.

"మల్ల నీ గుడ్డ?" అన్నాడు అలీ అహ్మద్.

"ఆడికే వస్తాండా. కువైట్‌లో దిగినాక ఆడి షేకు ఆ గుడ్డను సూసినాడు. ఈ సీటు మనిషి యాడ అంటే, జరిగిందంతా పైలట్ చెప్పినాడు. షేకు దాన్ని కండ్లకద్దుకోని, బంగారు పళ్లెంలో పెట్టి ఎనక్కి పంపినాడు. కంపెనీ ఓనరు దాన్ని తీసుకోని సొంత విమానంలో నన్ను ఎతుక్కుంటా వచ్చినాడు. యాడ దింపాల? మా పెద్దముడియం శనగచేలో దింపినాడు. నల్లరేగడి, ముందు దినమే వాన. చక్రాలు మునిగిపాయ. ఊర్లో ఎద్దులన్నీ కట్టి లాగించినాం, కదల్లా. కడాకు నేను పంచె ఎగగట్టి, తోక కింద భుజం పెట్టి, ఎత్తి గట్టు మీద పెట్టినా. ఓనరు నా కాళ్ల మీద పడి, అన్నా, ఇంగ మీదట దేశంలో ఏ విమానానికి ఎంత రేటనేది నువ్వే చెప్పల్ల అన్యాడు. సెంట్రల్ మంత్రి ఫోన్. నేను ఎత్తలా. రెండు పార్టీల పెద్దలూ పరిగెత్తుకోని వచ్చినారు. ఆ రెక్క నీడలో మంచం ఏయించి, ఈ పక్కన పెద్దాయన్ను, ఆ పక్కన ఎదుటాయన్ను కూచోబెట్టినా. మీరు నరుక్కుంటా పోతే విమానాలెక్కేకి జనం యాడుంటారప్పా, చేతులు కలపండి అన్యా. కలిపినారు. ఈపొద్దు ఇద్దరూ ఒకే జెండా ఎత్తినారంటే, ఆ రాజీ ఎనక ఎవురుండారు?"

దానికి ఎవరూ నవ్వలేదు. రాజీ ఎట్లా అయిందో మా అందరికీ తెలుసు. వెంకటేశు కేసులో కళ్లారా చూసినవాళ్లు కోర్టులో నిలబడి మేమేం చూడలేదు అన్నారు. అట్లా అనమని చెప్పింది పెద్దాయనే. ఆ వారంలోనే పెద్దలిద్దరూ ఒకే కార్లో పులివెందులకు పెళ్లికి పోయారు. నరికినవాళ్లు విడుదలై వచ్చి ఇదే బంకు దగ్గర టీ తాగుతారు. గంగులమ్మ వాళ్లకూ పోస్తుంది. పోయకుంటే బంకు ఉండదు.

మాటలు ఆగేసరికి గంగులమ్మ చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె ఎప్పుడూ మగవాళ్ల మాటల మధ్యకు రాదు.

"రామసుబ్బన్నా, ఆ శుక్రవారం విమానం ఎగిరిందా?"

"ఎగరక? నా గుడ్డ ఏసినాక..."

"గుడ్డ మాట ఇడ్చిపెట్టు. ఎగిరిందా?"

రామసుబ్బయ్య నవ్వబోయి మా మొహాలు చూశాడు. ఆమె గొంతు పెంచలేదు. ఎప్పుడూ టీలో చక్కెర ఎంత అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"ముందు దినం, బేస్తవారం పొద్దున మా ఇంటికొచ్చి ఏం చెప్పినావు? శుక్రవారం విమానం రద్దయింది, కంపెనీ వాళ్లు ఆదివారానికి తోసినారు, మనం చేసేదేమీ లేదు అన్యావు. పెట్టె సర్దుకోని కూచున్న మనిషి. ఎట్లాగూ రెండు దినాలు దొరికినాయి, శనివారం గండి గుడికి పోయి ఆంజనేయస్వామికి దండం పెట్టుకోని వస్తా అన్యాడు. నేనే పొమ్మంటి. ఆడ ఏటి గట్టున నరికినారు. దండం పెట్టుకున్యాడో లేదో కూడా నాకు తెల్దు. ఇన్నేండ్లూ ఆ కంపెనీకి శాపనార్థాలు పెడ్తాండా. స్వామిని తిట్టుకున్యా. పొమ్మన్నందుకు నన్ను నేను తిట్టుకున్యా. ఆకాశంలో విమానం సప్పుడైతే లోపలికి పోతాండా."

"ఇదంతా కోత గదమ్మా," అన్నాడు రామసుబ్బయ్య. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. "నవ్వుకునేకి చెప్పినా. అంతా అబద్ధమే. టికెట్ లేదు, మార్చిందీ లేదు. ఒట్టు."

"నీ కోతలు నాకు తెల్దా అన్నా. రోజూ ఇంటాండా. మిద్దెక్కింది కోత, గుడ్డ కోత, షేకు కోత, రాజీ కోత. టికెట్ మార్చింది కోత గాదు. అది షరీఫుకు దోవ చెప్పేటప్పుడు చెప్పినావు. అప్పటికి నీకింకా ఊపు రాలేదు."

షరీఫ్ వంగి రామసుబ్బయ్య తొడ కింద నుంచి టికెట్ తీసుకున్నాడు. ఆయన అడ్డం చెప్పలేదు. షరీఫ్ కాగితం మడిచి, నోటుతో పాటు జేబులో పెట్టుకుని, అక్కడే నిలబడ్డాడు. మాలో ఒకరైనా ఆయన్ను ఒక మాట అనాలి. ఎవరమూ అనలేదు. సాక్షులు మేమేం చూడలేదన్న రోజు కోర్టు బయట నేనూ ఉన్నాను, అప్పుడూ ఏమీ అనలేదు.

"ఎంత మిగిలిందన్నా?" అని అడిగింది గంగులమ్మ.

రామసుబ్బయ్య తల వంచుకున్నాడు. ఆమె కదల్లేదు. బస్సు ఒకటి ఆగి, మనుషుల్ని దింపి, ఎక్కించుకుని పోయింది. ఆమె అట్లాగే నిలబడింది.

"పద్దెనిమిది నూర్లు," అన్నాడు.

ఆ బంకు దగ్గర ఇన్నేళ్లుగా ఆయన చెప్పిన ఏ లెక్కనూ మేము నమ్మింది లేదు. ఆ ఒక్క లెక్కన్నా ఆయన పెంచి చెప్పుంటే బాగుండనిపించింది నాకు.