నేలిదాగారి మొదటి కాగితం

1987 మార్చి 2వ తేదీ సోమవారం ఉదయం, మొంతెవిదేయో నగరంలోని సాంతా ఎదువిగెస్ హృదయ చికిత్సాలయంలో శ్రీమతి నేలిదా ఎచెగారాయ్ గారు ఈసీజీ సాంకేతిక సహాయకురాలిగా ఉద్యోగంలో చేరారు. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే అనే ఆకుల తేనీరు తాగే సొరబుర్ర పట్టుకుని, పెద్ద డాక్టరుకు నమస్కారం చెప్పకముందే యంత్రం తీగలు చిక్కుపడి ఉన్నాయని ఆయనను మందలించారని నాటి సిబ్బంది నేటికీ చెప్పుకుంటారు. ముప్పైయేడేళ్ల సేవానంతరం ఈ ఆగస్టు 30న పదవీ విరమణ చేస్తున్న ఆ విదుషీమణి ఆనాటి స్వభావంలో వీసమెత్తు కూడా మారలేదు.

తొలి పదేళ్లు సాధారణ వార్డులోనూ, తరువాత శస్త్రచికిత్సా విభాగంలోనూ పనిచేసిన నేలిదాగారికి ఒక అలవాటు ఉండేది. రోగి చేరిన రోజు తీసిన ఈసీజీ కాగితాన్నీ, తాజా కాగితాన్నీ కిటికీ అద్దానికి ఆనించి, ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురులో చూసేవారు. యంత్రమే కొలతలు అచ్చువేసి ఇస్తున్న కాలంలో ఇదేమి చాదస్తమని నవ్వినవారు మాలో తక్కువేమీ కాదు.

2010లో మా ఆసుపత్రికి కొత్త చికిత్స వచ్చింది. ఛాతీ కోయకుండా, గజ్జలోని రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని పంపి, గట్టిపడిన బృహద్ధమని కవాటం స్థానంలో కొత్తది అమర్చే ఆ పద్ధతి వృద్ధులకు వరమైంది. అయితే గుండె పైగదుల సంకేతాన్ని కిందిగదులకు చేరవేసే దారి సరిగ్గా ఆ కవాటాన్ని ఆనుకునే ఉంటుంది. విచ్చుకున్న కొత్త కవాటం ఆ దారిని నొక్కితే సంకేతం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఆగడం ఆపరేషన్ బల్లమీదే జరిగితే మనిషి మా చేతిలో ఉంటాడు. మూడోరోజు, నాలుగోరోజు జరిగితే మనిషి ఇంటిదారిలో ఉంటాడు.

2013 అక్టోబరులో, ఎంతో దూరాన ఉన్న తాక్వారెంబో నుంచి వచ్చిన గొర్రెల కాపరి డోన్ ఎలాదియో బిదార్ట్ గారికి ఎనభై ఒకటో ఏట ఈ కవాటం అమర్చారు. మూడోరోజు మధ్యాహ్నం మూడున్నర బస్సుకు టికెట్టు కొనుక్కుని, టోపీ పెట్టుకుని, మంచంమీద కూర్చున్నారు. డాక్టరు రమీరో లుసార్దో ఇంటికి పంపే కాగితంమీద సంతకం పెట్టాడు. ఈ వ్యాసం కింద ఉన్న సంతకం కూడా అతనిదే.

నేలిదాగారు అతన్ని కిటికీ దగ్గరికి పిలిచారు.

"డాక్టరుగారూ, ఇది చూడండి. సంకేతం కిందిగదులకు దాటడానికి కాగితంమీద ఏడు చిన్న గడులు పడుతున్నాయి."

"నిన్న ఆరు. ఒక్క గడి తేడాకి ఏమవుతుందండీ?"

"మొన్న ఐదన్నారు, నిన్న ఆరన్నారు. రోజూ నిన్నటితోనే పోల్చుకుంటూ పోతున్నారు. వచ్చిన రోజుది నాలుగు! ఈ మొదటి కాగితం ఎవరైనా చూశారా?"

వార్డులో పదిమంది వింటున్నారు. లుసార్దోకు మండిపోయింది.

"చదవడం మా పని. తీయడం మీ పని."

"సరే, తీస్తాను. సాయంత్రం దాకా తీస్తూనే ఉంటాను. ఆయన ఒంటిమీద తీగలు మాత్రం విప్పను. కావలిస్తే పైకి ఫిర్యాదు రాసుకోండి."

అన్నట్టే మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గుండెను బయటినుంచి నడిపించే యంత్రాన్ని కూడా ముందే తెప్పించుకున్నారు.

"అమ్మాయ్, ఉన్ని కత్తిరించే రోజులు. బస్సు తప్పిందంటే మా గొర్రెలు నిన్ను శపిస్తాయి," అన్నారు పెద్దాయన.

"తీసుకురండి, వాటికీ ఈసీజీ తీస్తా."

మూడు గంటల పది నిమిషాలకు కాగితంమీద గీత చదునైపోయింది. పెద్దాయన తల వాలిపోయింది. నేలిదాగారి కేకకు పరుగెత్తుకొచ్చిన లుసార్దో ఆ యంత్రంతో గుండెను మళ్లీ నడిపించి, మెడలోని నాళం గుండా తాత్కాలిక తీగ వేశాడు. మర్నాడు శాశ్వత పేస్‌మేకర్ అమర్చారు. నేలిదాగారు ఆపకపోయి ఉంటే అప్పటికి ఆయన బస్సు దగ్గర ఉండేవారు, అక్కడ ఆయనకు దిక్కుండేది కాదు. 

తెలివి రాగానే డోన్ ఎలాదియో అడిగిన మొదటి ప్రశ్న, "బస్సు పోయిందా?"

"పోయింది."

"పోతే పోనీ. నీ ఫ్లాస్కులో నీళ్లున్నాయా?"

క్షమాపణ చెప్పడానికి వెళ్లిన లుసార్దోకు నేలిదాగారు మాతే కలిపి ఇచ్చారు. "క్షమాపణ నాకెందుకండీ? ప్రతి మంచానికీ మొదటి కాగితం కట్టించండి, అది చాలు," అన్నారు. పడకలు ఖాళీ కావడం ఆలస్యమవుతుందని యాజమాన్యం రెండుసార్లు తిరస్కరించింది. ఆవిడ మూడోసారి కవాటం మారిన రోగుల కాగితాలన్నీ పట్టుకెళ్లి పాలకమండలి గది కిటికీలకే అంటించారు. నాటినుంచి మా ఆసుపత్రిలో కవాటం మారిన ప్రతి రోగి మంచం చివర మొదటి కాగితం వేలాడుతుంది, దానితో పోల్చకుండా ఎవరినీ ఇంటికి పంపరు. డోన్ ఎలాదియో మరో ఎనిమిదేళ్లు ఉన్ని కత్తిరింపులు చూశారు.

కోపిష్ఠి అని, మొండిఘటమని నేలిదాగారిని మేము చాటుగా అనుకున్నది నిజమే. ఆ మొండితనమే ఎందరినో క్షేమంగా ఇళ్లకు చేర్చిందని ఈరోజు ఎదురుగానే ఒప్పుకుంటున్నాము.

వీడ్కోలు సభకు ముందు ఆవిడ ఒక ఐదు నిమిషాలు బల్లమీద పడుకోవాలని సహోద్యోగులందరి విన్నపం. ముప్పైయేడేళ్లలో ఆవిడకు ఎవరూ ఈసీజీ తీయలేదు. అప్పుడు తీసే ఆవిడ మొదటి కాగితాన్ని మేము భద్రపరుస్తాము. ఏటా ఆగస్టు 30న ఫ్లాస్కుతో సహా వారు ఇక్కడికి విచ్చేయాలి. కొత్త కాగితాన్ని దానిమీద పెట్టి, కిటికీ వెలుతురులో లుసార్దో స్వయంగా గడులు లెక్కపెడతాడు. నూరేళ్లు నిండేదాకా ఒక్క గడి కూడా తేడా రాకుండుగాక.

– డా. రమీరో లుసార్దో