ఎరుపు పైకి

పాల్వంచ ఇంట్లో ఫిలిప్పీన్స్ కోడలు తలుపేసుకుని కూర్చుంది. గుమ్మానికి ఆమె దేశపు జెండా కట్టి ఉంది.

"జెండా ఎవరు కట్టిండ్రమ్మా?"

"నేనే. ఇయ్యాల వాళ్లకు స్వాతంత్ర్యం వచ్చిన రోజంటివి గదా. సంబరపడతదనుకున్న."

"తలకిందులు కట్టినవే. నీలం పైకుండాలె."

"ఎరుపు శుభం గదరా. గింతదానికే ఏడుస్తదా?"

"వాళ్ల దేశంల ఎరుపు పైకుంటే యుద్ధమని అర్థం. నిన్న చారు కాడ లొల్లి చేస్తివి. ఇయ్యాల యుద్ధం అంటున్నవనుకుంటుంది."

"చారుల చక్కెర పోస్తే ఊకుంటానా? అయినా యుద్ధానికి నాకు జెండా ఎందుకురా, నోరు లేదా?"

"పొద్దటిసంది చాయ్ గూడ తాగలేదమ్మా. తిప్పి కట్టరాదే."

"నేను కట్ట. మళ్లేం తప్పయితదో. ఆమెనే రమ్మను, స్టూలు నేను పట్టుకుంట."