దానయ్య తామర తొట్టి

ఏటమ్మా శిల్పా, దానయ్య ఎవరనా? మా రైల్వే షెడ్డులో ఫిట్టరు. నేనూ ఫిట్టర్నే. రిటైరయ్యాక ఈ హిందీ ఊళ్ళోనే ఉండిపోయి, ఊరి చివర టాటీబంధ్ అవతల పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నాం, రెండువేల ఆరులో... ఏడేమో, సరే ఏదోటి. అందరూ పెరట్లో బెండా టమాటా వేసుకుంటే వీడు గొయ్యి తవ్వించి సిమెంటు తొట్టి కట్టించాడు, నులకమంచమంత. తిల్దా దగ్గర ఏదో తాలాబ్ నుంచి, అదే చెరువు, తామర దుంపలు తెచ్చి అందులో బురద పోసి పాతాడు. వానల్లో, మరి అబద్ధమెందుకు, బాగుండేది. ఆకులు పళ్ళేలంత, పూలు గులాబీ రంగు. దారంట పోయేవాళ్ళు "అరే భయ్యా, క్యా బాత్ హై" అని ఆగేవారు. దసరా దాటితే పూలుండవు. జనవరికి మొత్తం నల్లబడిపోయి ఒకటే కంపు. వీడు అప్పుడూ కుర్చీ వేసుకుని అక్కడే! నన్ను కేకేసి, "పాలూ, ఇలా రారా. ఆ వంగిన కాడా, నీళ్ళలో దాని నీడా కలిసి సున్నా చుట్టినట్టు లేదూ?" అనేవాడు. నాకు కుళ్ళిన కాడే కనబడేది. బాగుంది లేరా అనీసి వచ్చీసేవాణ్ణి.

ఓ చలికాలం గుండె చూపించుకోడానికి విశాఖపట్నం వెళ్ళాడు, వాళ్ళావిడ విజయకుమారిని తీసుకుని. నెల్లాళ్ళు. తాళాలు నాకిచ్చాడు. ఒంట్లో బాగోలేని మనిషి, వచ్చీసరికి శుభ్రంగా ఉండాలి కదా అనిపించింది. మంచి బుద్ధితోనేనమ్మా. ఇద్దరు కూలీల్ని పెట్టి, నీళ్ళు తోడించి, బురదంతా గోడవతల పోయించి, తొట్టికి సున్నం కూడా కొట్టించాను. సున్నం కొట్టించిన రెండోనాడే దిగాడు. ఆటో దిగి తిన్నగా పెరట్లోకే. ఖాళీ తొట్టి చూసి, "చచ్చిపోయిందని నీకెవరు చెప్పారురా?" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండును. గోడవతలకెళ్ళి ఆ కుప్ప ముందు గొంతుక్కూచున్నాడు, ఇస్త్రీ చొక్కాతోనే. విజయకుమారి "అయ్యో, డాక్టరు వంగొద్దన్నారు కదండీ" అంటానే ఉంది. వింటేనా! చేతుల్తో కెలికాడు. పార నరికినవి నరకగా, ఆవులు తిన్నవి తినగా, మొలక ఉన్న దుంప ఒక్కటే దొరికింది. నేను బకెట్టు పట్టుకుని నిలబడ్డాను, ఏం చెయ్యను మరి.

సున్నమంతా గీకి కడిగి మళ్ళీ పాతాం ఇద్దరం. ఆ వానల్లో నాలుగాకులొచ్చాయి. పువ్వు లేదు. వాడికేం పర్లేదు, ఆకు మీద చినుకు దొర్లుతుంటే చూస్తూ కూచునేవాడు. ఆ దసరాకే పోయాడు.

మరుసటేడా? పూసిందిట. విజయకుమారి పిలిచింది కూడా, "అన్నయ్యా, వచ్చి చూడండి" అని. వెళ్ళలేదు. జనవరిలో వెళ్ళాను, అంతా నల్లబడ్డాక. కుర్చీ అడిగాను. ఆవిడ తెచ్చి తొట్టి పక్కన వేసింది.

...ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా.