ఎర్రగుడ్డ కట్టిన గేరు

తమ్ముడు అన్నను షెడ్డు గోడకు అదిమిపెట్టి, గొంతుకు అడ్డంగా స్పానర్ నొక్కాడు. చిట్లిన పెదవి నెత్తురు అన్న నోట్లోకే కారుతోంది.

"ఫస్ట్ గేరేశాను, కారు వెనక్కి దూకింది! ముందుకే కదా పోయేదని నాన్న వెనక నిలబడ్డాడు. రెండు కాళ్లూ నుజ్జునుజ్జయ్యాయి. ఇంజిన్ మార్చింది నువ్వే కదరా!"

ఆ నోట 'రా' వినడం అన్నకు ఇదే మొదలు.

"ఇంజిన్ మార్చాను, గేర్‌బాక్సూ మార్చాను. గేరును గేర్‌బాక్సుకు కలిపే రాడ్డు మాత్రం బిగించలేదు."

"అబద్ధమాడితే పళ్లు రాలగొడతా!"

"పాత రాడ్డు కొత్త గేర్‌బాక్సుకు పెడితే గేర్లు తారుమారవుతాయి. అందుకే ఊడదీసి పక్కన పడేశాను. దీనికి తగిన రాడ్డు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదనే గేరుకి ఎర్రగుడ్డ కట్టాను."

"గుడ్డ చూశాను. రాడ్డు కింద పడుంటే... నువ్వు మర్చిపోయావనుకున్నా."

"నువ్వే బిగించావా?"

"బోల్టులన్నీ సరిగ్గా పట్టాయి అన్నయ్యా."

గొంతు మీద స్పానర్ బరువు తగ్గలేదు. అన్న అతికష్టం మీద ఊపిరి పీల్చుకున్నాడు.

"దేంతో బిగించావురా?"

తమ్ముడు తన చేతిలోకి చూసుకున్నాడు.